‘మన’ ఆఫీసు, ‘మీ’ ఆఫీసు: సంస్థల్లో సంస్కృతి ఎక్కడ ఉంటుంది?

పొగాకు సీజన్‌లో ఒంగోలులోనో కందుకూరులోనో పొదిలిలోనో వేలం కేంద్రంలోకి అడుగుపెడితే, వరుసలుగా పేర్చిన బేళ్ల మధ్య రైతు గొంతు గట్టిగానే వినిపిస్తుంది. ఆకు రంగు చూపించి, పక్క బేలుకు పలికిన ధర గుర్తుచేసి, గ్రేడు తప్పు వేశారని వాదించే ఆ రైతు, రేటు నచ్చకపోతే బేలు వెనక్కి తీసుకుపోతానని కూడా అనగలడు. అదే రైతు మర్నాడు అప్పు రెన్యువల్ కోసం బ్యాంకుకో, పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి తహసీల్దారు కార్యాలయానికో వెళ్తే భుజం మీది తువ్వాలు చేతిలోకి వస్తుంది, గొంతు తగ్గుతుంది, ‘తమరు ఎట్టా చెప్తే అట్టా’ అనే మాట దానంతటదే వచ్చేస్తుంది. మనిషి ఒకడే, ఊరూ కులమూ చదువూ అవే. మారినదల్లా అతడు నిలబడిన చోటు.

వేలం కేంద్రంలోని ఆ గొంతు కూడా ఎప్పటినుంచో ఉన్నది కాదు. పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చింది. బోర్డు 1976 జనవరి 1 నుంచి పనిచేయడం మొదలుపెట్టింది. ఆంధ్రలో బోర్డు వేలాలు మొదలైంది 1980ల మధ్యలో. అంతకుముందు రైతు తన ఆకును కంపెనీల, వ్యాపారుల కొనుగోలు కేంద్రాలకు తోలుకుపోయేవాడు. కొనేవాడే గ్రేడు వేసేవాడు, కొనేవాడే ధర చెప్పేవాడు, డబ్బు ఎప్పుడిచ్చేదీ కొనేవాడే చెప్పేవాడు. అక్కడ వాదించడం తెలివైన పని కాదు, ఎందుకంటే వచ్చే ఏడు కూడా ఆ గుమ్మంలోకే వెళ్లాలి. వేలం వచ్చాక కొనేవాళ్లు ఒకరికి నలుగురయ్యారు, ధర అందరి ఎదుట తేలడం మొదలైంది, వద్దనే హక్కు రైతుకు దఖలు పడింది. రైతు స్వభావాన్ని మార్చడానికి ఎవరూ శిక్షణ తరగతులు పెట్టలేదు. ఏర్పాటు మారింది, దానితో పాటు అతడి నడవడీ మారింది, కొన్నేళ్లకు ‘ఆకు గురించి నాకూ తెలుసు’ అనే ఆలోచన కూడా మారిన నడవడికి తోడుగా వచ్చింది.

సంస్థల సంస్కృతి గురించి జరిగే చర్చ చాలావరకు ఈ వరుసను తలకిందులు చేస్తుంది. మనుషుల్లో ముందే ఒక సంస్కృతి ఉంటుందనీ, దాన్ని వారు ఆఫీసుకు మోసుకొస్తారనీ, అందువల్లనే ‘మనవాళ్లు ఇంతే’ అనీ తేల్చేస్తుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే సంస్థలో సంస్కృతి అనేది ముఖ్యంగా ఒక జ్ఞాపకం: ఏ పని చేసినవాడికి మేలు జరిగింది, ఏ మాట అన్నవాడికి కీడు జరిగింది అనే లెక్క, ఒకరి నుంచి ఒకరికి చెప్పకుండానే అందుతూ వచ్చిన లెక్క. కొత్తగా చేరిన గుమాస్తాకు దాన్ని ఎవరూ రాసివ్వరు. మొదటి నెలలో ఎవరి ఫైలు ఎందుకు ఆగిందో, మీటింగులో మాట్లాడినవాడి వైపు పక్కవాళ్లు ఎలా చూశారో గమనిస్తే చాలు, అతడికి అర్థమైపోతుంది.

అమెరికాలో నిర్వహణ శాస్త్రం బోధించిన ఎడ్గర్ షైన్ 1980లలో ఈ విషయాన్ని మూడు పొరలుగా విడదీసి చూపించాడు. పైన కంటికి కనిపించేవి: భవనం, దుస్తులు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి గదికి ఏసీ ఉంటుంది. దాని కింద సంస్థ తన గురించి తాను చెప్పుకునే మాటలు: ‘నాణ్యతే మా లక్ష్యం’, ‘ప్రజాసేవే పరమావధి’ వంటివి. అట్టడుగున, అడిగితే ఎవరూ చెప్పలేనివి, చెప్పాల్సిన అవసరమే తోచనివి: సంస్థలో అందరూ నిజమని అనుకుని, తర్కించడం మానేసిన నమ్మకాలు. ‘చెడ్డ కబురు చెప్పినవాడికే అది చుట్టుకుంటుంది’ అన్నది అలాంటి నమ్మకం. గోడ మీద పటం కట్టి ‘మీ అభిప్రాయాలు నిర్భయంగా తెలపండి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఈ మూడో పొరతో పొసగకపోతే ఆ పటం గోడకు అలంకారమే. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లోనైనా, కృష్ణపట్నం రేవులోనైనా, విజయదశమికి యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టడాన్ని చూసి ‘ఇదీ ఇక్కడి సంస్కృతి’ అని రాసుకుని వెళ్లే సందర్శకులు ఉంటారు. అది పైపొర మాత్రమే. ఆ యంత్రం బ్రేకు సరిగా పట్టడం లేదని డ్రైవరు సూపర్‌వైజరుకు చెప్తాడా, చెప్పడా అన్నది అసలు సంగతి.

సంస్కృతి ఆలోచన మీద పనిచేసే తీరులో మొదటిది, మనిషి దేన్ని గమనిస్తాడు అన్నది. జపాన్, అమెరికా విద్యార్థులకు నీటి అడుగున చేపలు తిరిగే దృశ్యాలు చూపించి, ఏం చూశారో చెప్పమని మనస్తత్వవేత్తలు తకహికో మసుదా, రిచర్డ్ నిస్బెట్ అడిగారు. ఆ పరిశోధన 2001లో వెలువడింది. ముందువైపు కదిలే పెద్ద చేప గురించి రెండు దేశాల విద్యార్థులూ చెప్పారు. నీటి రంగు, అడుగున రాళ్లు, మొక్కలు వంటి పరిసరాల గురించి జపాన్ విద్యార్థులు చాలా ఎక్కువగా చెప్పారు. కళ్లముందున్న దృశ్యం ఒకటే అయినా, దానిలో ఏది విషయం, ఏది నేపథ్యం అన్నది అలవాటు తేలుస్తుంది.

దీనికి నెల్లూరు జిల్లాలో ఇంటిపక్కనే ఒక ఉదాహరణ ఉంది. ఇక్కడ ధాన్యం బేరం పుట్టి లెక్కన జరుగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలు లెక్కన వస్తుంది. పైకి చూస్తే ఇది భాగహారం తెలిసినవారికి సమస్యే కాదు. కానీ రైతు తన దిగుబడిని, అప్పును, కౌలును, కూతురి పెళ్లి ఖర్చును కూడా పుట్లలోనే తూకం వేసుకుంటాడు. తేమ పేరుతో, తాలు పేరుతో మిల్లరు తీసే తరుగు కూడా పుట్టికి ఇన్ని కిలోలు అనే మాటగానే అతడికి చేరుతుంది. క్వింటాళ్ల పట్టికతో వేరే జిల్లా నుంచి బదిలీపై వచ్చిన అధికారికి అక్కడ జరిగే గొడవ ధర గురించి అనిపిస్తుంది. రైతుకు అది తరుగు గురించి. ఇద్దరూ ఒకే కుప్ప ముందు నిలబడి వేర్వేరు సంగతులు చూస్తుంటారు. కొలమానం కూడా సంస్కృతిలో భాగమే. అది లెక్కను సులువు చేస్తుంది, ఆ వెంటే కొన్ని ప్రశ్నలను కనబడకుండా చేస్తుంది.

రెండోది, ఏది నోటితో అనగలం అన్నది. ఈ విషయంలో తెలుగు భాషలో ఒక చిక్కు ఉంది. తెలుగులో ఎదుటి మనిషికి ఏ పని చెప్పాలన్నా అతడి స్థాయిని ముందు తేల్చుకోవాలి. ‘రా’ అనాలి, లేదా ‘రండి’ అనాలి. మధ్యలో ఏమీ లేదు. ఆఫీసులో తనకంటే వయసులో పెద్ద, హోదాలో చిన్న అయిన మనిషితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఈ చిక్కు ముదురుతుంది. అందుకే అందరూ ఒక దొడ్డిదారి కనిపెట్టారు: ‘చేద్దాం’, ‘చూస్తే బాగుంటుంది’, ‘ఆ ఫైలు ఒకసారి పంపిస్తే సరిపోద్ది’ వంటి, ఎవరిని అంటున్నామో తేల్చని వాక్యాలు. ఆ దొడ్డిదారి మర్యాదను కాపాడుతుంది. అయితే పని ఎవరిదో తేలకుండా మిగిలిపోవడానికి కూడా అదే కారణం అవుతుంది. ‘పంపిస్తే సరిపోద్ది’ అన్న ఫైలు ఎవరూ పంపకపోతే తప్పు ఎవరిదో చెప్పడం కష్టం.

ఇంకో దారి వరుస కలపడం. ‘సార్, ఇది తప్పు’ అనలేని కింది ఉద్యోగి ‘అన్నా, ఇది కొంచెం తేడాగా ఉండాదే’ అనగలడు. ‘సార్’ అన్న పిలుపు మూసేసిన తలుపును ‘అన్నా’ అన్న పిలుపు ఓరగా తెరుస్తుంది. తమ్ముడి మాట విన్నందుకు అన్న చిన్నబోడు గనుక వినేవాడికీ సౌకర్యమే. పాట్నాలో పనిచేసిన మనస్తత్వవేత్త జై బి.పి. సిన్హా 1980లో భారతీయ సంస్థలకు తగిన నాయకుడి గురించి చెబుతూ, ఆప్యాయత చూపిస్తూనే ఆ ఆప్యాయతను పని పూర్తి చేయడంతో ముడిపెట్టే మనిషిని వర్ణించాడు. ఇక్కడి ఆఫీసుల్లో మంచి పేరున్న చాలామంది ‘అన్న’లు ఆ వర్ణనకు దగ్గరగానే ఉంటారు. వరుసకు వెల కూడా ఉంది. అన్నా అని పిలిచినవాడి సెలవు చీటీ ముందు కదులుతుంది, పిలవలేనివాడిది కదలదు. వరుస కలపడానికి అర్హత ఎవరికి ఉంటుందన్నది చాలాసార్లు కులమే తేలుస్తుంది. ఆ మాట చెప్పకుండా ఇక్కడి సంస్థల సంస్కృతి గురించి ఎంత రాసినా సగం రాసినట్టే.

వీటన్నిటికంటే సూక్ష్మమైన ఆధారం తెలుగులో మరొకటి ఉంది. వినేవారిని కలుపుకుని చెప్పే ‘మనం’ వేరు, కలుపుకోకుండా చెప్పే ‘మేము’ వేరు. బయటివారితో మాట్లాడేటప్పుడు ఏ ఉద్యోగి అయినా ‘మా కంపెనీ’ అనే అంటాడు; దాని వల్ల ఏమీ తెలియదు. లోపల, సూపర్‌వైజరుతో మాట్లాడేటప్పుడు అతడు ‘మన లైను ఆగిపోయింది’ అంటాడా, ‘మీ టార్గెట్ అవదు’ అంటాడా అన్నది వినాలి. అటువైపు యాజమాన్యం ‘మేము నిర్ణయించాం’ అంటుందా, ‘మనం అనుకున్నాం కదా’ అంటుందా అన్నదీ వినాలి. మేనేజరు మైకులో ‘మనం ఈ నెల టార్గెట్ చేరాలి’ అన్నప్పుడు వింటున్నవాళ్లు ఆ ‘మనం’ను ‘మీరు’గా తర్జుమా చేసుకుంటున్నారంటే, ఆ సంస్థలో సంస్కృతి ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి వేరే సర్వే అవసరం లేదు.

సర్వేల మాట వచ్చింది గనుక, ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన సర్వే సంగతి కూడా చూడాలి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1960ల చివర నుంచి 1970ల మొదటి వరకు ఐబీఎం ఉద్యోగుల నుంచి వివిధ దేశాల్లో సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను విశ్లేషించి, 1980లో ఫలితాలు ప్రకటించాడు. అధికార దూరం, అంటే పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య అసమానతను ఎంత సహజంగా స్వీకరిస్తారు అన్న కొలతలో భారతదేశానికి 77, అమెరికాకు 40 వచ్చాయి. అప్పటినుంచి ‘భారతీయుడు పై అధికారిని ప్రశ్నించడు, 77 కదా’ అనే ధోరణి నిర్వహణ తరగతుల్లో స్థిరపడింది. ఆ ప్రశ్నపత్రాలు నింపింది ఒకే బహుళజాతి సంస్థలోని ఉద్యోగులు. వచ్చిన అంకె ఒక దేశపు సగటు. దేశపు సగటును తీసుకొచ్చి టంగుటూరు రైతుకు అంటించడం, జిల్లా సగటు వర్షపాతం చూసి మన చేలో నీళ్లున్నాయని అనుకోవడం వంటిది. పొగాకు వేలం కేంద్రంలో ఒకలా, తహసీల్దారు కార్యాలయంలో మరొకలా నిలబడే మనిషికి ఏ అంకె వేయాలి?

నిశ్శబ్దాన్ని స్వభావంగా చూడకుండా నేర్చుకున్న జాగ్రత్తగా చూస్తే, చాలా సంగతులు తేటపడతాయి. నిర్వహణ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదవుతున్నట్టు కనబడింది. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు. చేసిన తప్పులను దాచడం లేదు. తప్పుల రిజిస్టరు ఖాళీగా ఉన్న వార్డు మంచి వార్డు కావచ్చు, భయపడే వార్డూ కావచ్చు.

నెల్లూరు తీరంలోని రొయ్యల సాగు ఇదే పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు గుంట తర్వాత గుంట పోయింది. తన గుంటలో రొయ్య ఒడ్డుకు చేరి నీరసంగా తిరుగుతోందని గమనించిన రైతు పక్కవాళ్లకు చెప్పడు. చెప్తే ఫీడు డీలరు అప్పు ఆపేస్తాడు, కొనుగోలుదారు రేటు తగ్గించేస్తాడు. అందువల్ల ఆదరాబాదరాగా రొయ్యలు పట్టేసి, గుంటలో నీళ్లను కాలువలోకి వదిలేస్తాడు. ఆ కాలువ నుంచే పక్కవాడు తన గుంటకు నీళ్లు తోడుకుంటాడు. ఒక్కొక్కరి లెక్కా వారికి సరిగ్గానే ఉంది, అందరి గుంటలూ పోయాయి. ఇక్కడ ‘మన రైతులకు నిజాయతీ లేదు’ అనడం సులువు. నిజం చెప్పినవాడు మాత్రమే నష్టపోయే అప్పుల అల్లికను చూడటం కష్టం. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2007లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడాకు అనుబంధంగా, చిన్న రైతులను సంఘాలుగా కూర్చే నాక్సా, 2009 నుంచి వ్యాధి లేని తల్లి రొయ్యలతో వనామీ రకం రొయ్యల సాగు వచ్చాయి. వీటిలో సాంకేతికంగా ముఖ్యమైనది మూడోదే కావచ్చు. సంస్కృతి వైపు నుంచి చూస్తే నాక్సా సంఘాల ఆలోచన ముఖ్యం: ఒక కాలువ మీది రైతులంతా ఒకేసారి సీడు వేయడం, రోగం వస్తే ముందు సంఘానికి చెప్పడం, నీళ్లు ఎప్పుడు వదలాలో కలిసి తేల్చుకోవడం. అది అన్ని చోట్లా నిలబడలేదు. చెప్పినవాడికి నష్టం తగ్గించగలిగిన చోట మాత్రం మాట బయటికి వస్తుంది.

చెడ్డ కబురు ఎవరి నెత్తిన పడాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలోనే జరిగిన ఒక సంఘటన జవాబుగా నిలుస్తుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ 317 సెకన్లకే బంగాళాఖాతంలో కూలిపోయింది. అప్పట్లో ఆ దీవి నెల్లూరు జిల్లాలోది. 2022లో జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ప్రాజెక్టు డైరెక్టరు ఏపీజే అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత నెత్తిన వేసుకున్నది మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. 1980 జూలై 18న రెండో ప్రయోగం ఫలించి రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు, విలేకరులతో మాట్లాడే పనిని ధావన్ కలాంకు అప్పగించాడు. ఈ సంగతిని కలాం తరువాత ఎన్నో సభల్లో చెప్పాడు. దాన్ని పెద్దమనసు కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. సంస్థ దృష్టితో చూస్తే అందులో మరో సంగతి ఉంది. రాకెట్ కూలడానికి కారణమైన వాల్వు ఎందుకు మొరాయించిందో తెలియాలంటే, దానికి దగ్గరగా పనిచేసిన ఇంజనీరు భయం లేకుండా నోరు విప్పాలి. బయటి నింద తన మీద పడదని తెలిస్తేనే అతడు లోపలి లెక్క దాచకుండా చెప్తాడు. పైవాడు నింద మోయడం లోపలివారికి నిజం చెప్పే వెసులుబాటు ఇస్తుంది.

దానికి ఎదురుగా నిలిపి చూడాల్సినవి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో జరిగిన రెండు ప్రమాదాలు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోవడానికి ముందురోజు రాత్రి, చలిలో రబ్బరు సీళ్లు సరిగా పనిచేయవని రాకెట్ తయారీ సంస్థ ఇంజనీర్లు హెచ్చరించారు; వారి మాట నెగ్గలేదు. ఆ ప్రమాదాన్ని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్, అక్కడ ఎవరూ నియమాన్ని కావాలని ఉల్లంఘించలేదనీ, చిన్న తేడాలతో ఎగిరిన ప్రతిసారీ ఏమీ కాకపోవడంతో ఆ తేడాయే మామూలైపోయిందనీ వివరించింది. కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న 2003 ఫిబ్రవరి 1 నాటి కొలంబియా ప్రమాదంలోనూ అదే జరిగింది. ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్కలు అంతకుముందు ప్రయాణాల్లోనూ తగిలాయి, ఏమీ కాలేదు, కనుక ఏమీ కాదు అనుకున్నారు. ప్రమాదానికి ఆ నురుగు ముక్క ఎంత కారణమో సంస్థ సంస్కృతి కూడా అంతే కారణమని విచారణ మండలి స్పష్టంగా రాసింది. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదుగా’ అన్న మాట నాసాలో ఎంత సహజంగా వచ్చిందో, గ్రానైటు క్వారీలో అంచున నిలబడి డ్రిల్లు పట్టుకున్నవాడి నోట కూడా అంతే సహజంగా వస్తుంది. అధికార దూరం 40 అయినా 77 అయినా దానికి తేడా లేదు.

అలాగని బయటి సంస్కృతి లోపలికి రాదని కాదు. పంట కూడా మనుషుల ఆలోచనను మలుస్తుందని చెప్పే ఒక పరిశోధన 2014లో వచ్చింది. చైనాలో వరి పండించే ప్రాంతాల విద్యార్థులు, గోధుమ పండించే ప్రాంతాల విద్యార్థుల కంటే సంబంధాల వైపు, సమష్టి వైపు ఎక్కువ మొగ్గు చూపుతారని థామస్ టాల్‌హెల్మ్ బృందం కనుగొంది. వరికి నీళ్లు పంచుకోవాలి, నాట్లకు సాయం కావాలి. పక్కవాడితో చెడితే పంట చెడుతుంది అన్నది వారి వివరణ. దీన్ని తెచ్చి పెన్నా డెల్టా వరి రైతుకూ, కనిగిరి మెట్ట రైతుకూ అతికించడం తొందరపాటే అవుతుంది. వివరణలోని సూత్రం మాత్రం ఇక్కడ కళ్లకు కడుతుంది. పెన్నా ఆనకట్టల కింద నీళ్లు వస్తాయన్న నమ్మకంతో పెరిగిన ఊరికీ, నాగార్జునసాగర్ కుడికాలువ చిట్టచివర, పైవాళ్లు వదిలితే తప్ప చుక్క రాని ప్రకాశం జిల్లా ఊరికీ, ప్రభుత్వ సంస్థ ఏ మాట చెప్పినా వినిపించే తీరు వేరు. 1997లో రైతులకే నీటి యాజమాన్యం అప్పగిస్తూ చట్టం తెచ్చి, రాష్ట్రమంతా పదివేలకు పైగా సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపారు. చట్టం ఒకటే, నియమావళి ఒకటే. అంతకుముందే వంతుల కట్టుబాటు ఉన్న చోట ఆ సంఘం పాత అలవాటుకు కొత్త రబ్బరు స్టాంపు అయ్యింది. కట్టుబాటు లేని చోట అది కాలువ పూడికతీత కాంట్రాక్టు ఎవరికి దక్కాలన్న పంచాయితీగా మిగిలింది. కాగితం మీది సంస్థ, నేల మీది నమ్మకం కలవకపోతే నమ్మకమే గెలుస్తుంది.

కట్టుబాటు అనగానే దానికి మంగళహారతి పట్టడమూ పొరపాటే. పులికాట్ సరస్సులో వేట చోట్లను చీట్లు వేసి, వంతుల వారీగా పంచుకునే ‘పాడు’ పద్ధతి తరాలుగా ఉంది. మంచి చోటు ఈసారి నాకు, వచ్చేసారి నీకు. గొడవ లేదు, సరస్సు మీద మితిమీరిన ఒత్తిడీ లేదు. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని చూపించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిన సూత్రాలకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే పాడు హక్కు పుట్టుకతో వచ్చేది. ఆ కట్టుబాటు లోపల ఉన్నవాళ్లకు అది న్యాయం. బయట పుట్టినవాళ్లకు అది మూసిన తలుపు. గట్టి సంస్కృతి ఉన్న సంస్థలన్నిటిలోనూ ఈ రెండు ముఖాలు ఉంటాయి. లోపలివారి ‘మనం’ ఎంత బిగువుగా ఉంటే, బయటివారిని ‘వాళ్లు’ అనడం అంత సులువవుతుంది.

సంస్కృతిని కావాలని మార్చగలమా అన్న ప్రశ్నకు తెలుగునేల మీదే ఒక ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాదు రప్పించి, సాధించాలన్న తపన పెంచే శిక్షణ ఇప్పించాడు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో, శిక్షణ పొందినవారు పొందనివారి కంటే ఎక్కువ గంటలు పనిచేశారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు. ఆలోచనను నేరుగా తాకితే నడవడి మారుతుందని అది చూపించింది. ఎంతకాలం మారి ఉంటుందన్నది వేరే సంగతి. మనిషి మళ్లీ పాత అంగడికి, పాత అప్పులవాళ్ల మధ్యకే వెళ్తాడు.

నెల్లూరు జిల్లా ఆ ప్రశ్నకు మరో జవాబు ఇచ్చింది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన ఆడవాళ్లు, వాచకంలోని పాఠాల మీద చర్చిస్తూ చర్చిస్తూ సారా దగ్గరికి వచ్చారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి చొప్పున దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు వచ్చాయి. రూపాయి చిన్నది, కానీ దాని చుట్టూ ఏర్పడిన అలవాట్లు పెద్దవి. చాప మీద గుండ్రంగా కూర్చోవడం, ఎవరు ఎంత కట్టారో అందరి ముందూ చదవడం, తీర్మానం పుస్తకంలో సంతకమో వేలిముద్రో పెట్టడం, అప్పు ఎవరికి ముందు అవసరమో కలిసి తేల్చడం. గుండ్రంగా కూర్చుంటే పైన ఎవరు, కింద ఎవరు అన్నది కళ్లకు కనబడదు. ఇంట్లో అత్త ముందు నిలబడి మాట్లాడాల్సిన కోడలు ఇక్కడ ఆమె పక్కనే కూర్చుని లెక్క అడుగుతుంది. బ్యాంకు గుమ్మం ఎక్కడానికి జంకిన మనిషి కొన్నేళ్లకు మేనేజరును నిలదీయడం అలా నేర్చుకుంది.

అదే ఆడవాళ్లు, అదే ఊరు, దాదాపు అదే గుంపు. 2000ల తర్వాత వచ్చిన మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా గుంపుగానే కూర్చోబెట్టాయి, ఉమ్మడి జవాబుదారీ అనే మాటే చెప్పాయి. తేడా ఏమిటంటే, పొదుపు సంఘంలో డబ్బు తమది, నియమం తమది. అక్కడ డబ్బు కంపెనీది, వసూలు గడువు కంపెనీది. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాల్సి వచ్చింది. సాటి మనిషి కష్టాన్ని విన్న వలయమే సాటి మనిషిని కాపలా కాసే వలయమైంది. వసూళ్ల ఒత్తిడి మీద ఆరోపణలు పెరిగి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సంస్థ రూపాన్ని, దాని ఆనవాళ్లను మాత్రమే అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన జంట ఉదాహరణ దొరకడం కష్టం.

పొగాకు వేలం కేంద్రాల్లోకి ఇప్పుడు ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. కొనేవాళ్ల ప్రతినిధులు కేకలు వేయకుండా చేతిలోని పరికరంలో అంకె నొక్కుతారు. ఎవరు ఎంత వేశారో ఆఖరి ధర తేలేదాకా పక్కవాడికి కూడా తెలియకపోవచ్చు. కొనుగోలుదారులు కుమ్మక్కు కాకుండా చూడటానికి ఇది మేలే. అయితే పక్క బేలు ధర చూపించి, కొనేవాడి కళ్లలోకి చూసి వాదించడం నేర్చుకున్న రైతుకు ఇప్పుడు ఎదురుగా కనబడేది అంకె. నో బిడ్, అంటే ఎవరూ ధర వేయలేదని చీటీ పడిన బేలు పక్కన నిలబడి అతడు ఎవరితో వాదించాలా అని అటూ ఇటూ చూస్తాడు. చివరికి తనకు మనిషిగా కనిపించే ఒకే ఒక్కరైన బోర్డు ఉద్యోగి దగ్గరికి వెళ్లి, తువ్వాలు చేతిలోకి తీసుకుంటాడు.